ఒర మీది బొత్తాం

భర్త శివకృష్ణ తొడ తెగిన రోజు మల్లి ఇంటి వసారాలో కూర్చుని, అతని నడుముకు ఉన్నలాంటిదే ఇంకో కత్తి ఒర కుడుతోంది.

ఎండాకాలంలో బేస్తవారిపేట పక్కన వాళ్ళ ఊళ్ళో జీవాలకు మేత ఉండదు. అందుకని శివకృష్ణ మందను తోలుకుని పెద్దారవీడు దాటి, నల్లమల వాలులోకి పోతాడు. మేకలకు కొమ్మలు నరికి వేయడానికి నడుముకు మచ్చుకత్తి ఉంటుంది. కత్తికి తోలు ఒర, ఒర నుంచి పైకి వచ్చి పిడిని పట్టి ఉంచే చిన్న పట్టీ, ఆ పట్టీకి ఒక టిచ్ బటన్. ఒర కుట్టిందీ, సుత్తితో కొట్టి బటన్ బిగించిందీ మల్లే. ఆ రోజు ఎండిన వాగు దాటుతూ శివకృష్ణ ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకాడు. పిడిని పట్టీ ఆపలేదు, కత్తి జారింది. కింద పడుతూ పడుతూ తొడను కోసేసింది. తోటి కాపరులు తలగుడ్డ గట్టిగా చుట్టి, ఆటోలో మార్కాపురం తీసుకుపోయి కుట్లు వేయించారు. నరం తెగలేదు, అదృష్టమని డాక్టరు అన్నాడు.

ఇంటికి వచ్చాక అతన్ని మంచం మీద పడుకోబెట్టి, మల్లి ఆ ఒరను చేతిలోకి తీసుకుంది. నెత్తురు ఎండి తోలు అట్టలా బిగుసుకుపోయింది. టిచ్ బటన్‌లో పట్టీకి ఉండే సగం రెండు ముక్కలు. పైన కనిపించే టోపీ, లోపలి వైపు గిన్నె. టోపీకి కింద చిన్న కాడ ఉంటుంది. ఆ కాడ తోలులోంచి దూరి, గిన్నెలోకి పోయి, దెబ్బకు అంచులు విచ్చుకుని గిన్నెను పట్టుకుంటుంది. ఇప్పుడు పట్టీకి టోపీ ఉంది. గిన్నె లేదు.

మల్లి ఆ కాడను బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

అత్త చెంచమ్మ కొడుకుకు గంజి తాగించి బయటికి వచ్చింది. కోడలి చేతిలో ఒరను చూసింది. "సుత్తి దెబ్బ సరిగ్గ పడలేదేమో మ్మే," అంది. ఆమె మాటలో నింద లేదు. వాన పడేట్టు లేదు అన్నట్టే అంది. మల్లికి మాత్రం అన్నం సహించలేదు.

పెళ్ళికి ముందు మల్లి గిద్దలూరులో బ్యాగులు కుట్టే దుకాణంలో పని చేసింది. అక్కడికి వచ్చిపోయే జ్ఞానయ్య అనే చెప్పుల పనివాడు ఆమెకు తోలు కోయడం, సూది దూర్చడం నేర్పాడు. పెళ్ళయ్యాక మొదట తమ పొట్టేళ్ళకు గంటల పట్టెడలు కుట్టింది. గొర్లు పెంచే ఇంట్లో ఈ తోలు పనేందని బంధువులు ఒకరిద్దరు వెనక అనుకున్నారు. వాళ్ళే తర్వాత తమ కుక్కలకు బెల్టులు కుట్టమని వచ్చారు. ఆపైన ఒరలు. పెద్దారవీడులో, దోర్నాలలో అడవికి పోయే చాలామంది నడుములకు ఇప్పుడు మల్లి కుట్టిన ఒరలే ఉన్నాయి. అన్నిటికీ అదే బటన్, అదే సుత్తి.

ఆ సంగతి గుర్తొచ్చిన దగ్గర్నుంచి ఆమెకు స్థిమితం లేదు.

మర్నాడు పొద్దున జ్ఞానయ్యకు ఫోన్ చేసింది.

"చిన్నాయనా, బటన్ ఊడింది. ఆయన కాలు తెగింది," అని మొత్తం చెప్పింది.

జ్ఞానయ్య అంతా విన్నాడు. "సుత్తితో కొడితే ఒక్కో దెబ్బ ఒక్కో తీరు పడతాది తల్లీ. నిలువుగ పడితే బాగుంటాది, రవ్వంత పక్కకు పడితే కాడ వంగతాది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే మాదిరి కనపడతాయి. చేత్తో నొక్కే మిషన్ ఒకటి కొనుక్కో. నేను ముసలోణ్ణి, చెప్పులకు నాకు అవసరం పడలే."

"ఏ మిషన్ చిన్నాయనా?"

"బటన్ మిషన్ అని అడుగు, ఇస్తారు."

కంభంలో బ్యాగుల దుకాణం నడిపే వాళ్ళను అడిగితే, బటన్ మిషన్ అంటే చొక్కా బొత్తాలు కుట్టేది, నీకు కావలసింది ఐలెట్ మిషన్ అన్నారు. ఐలెట్ మిషన్ అని ఫోన్‌లో వెతికితే ఫ్లెక్సీ బ్యానర్లకు రంధ్రాలు వేసే మిషన్లు వచ్చాయి. వాటి కింద స్నాప్ ప్రెస్ అని ఇంకేవో వచ్చాయి. ఒక వీడియోలో హిందీలో ఒకాయన పచ్చరంగు మిషన్ పిడి లాగి, ఇది ఒక్కటి ఉంటే చాలంటున్నాడు. ఇంకో వీడియోలో ఒకామె అదే పచ్చ మిషన్ చూపించి, ఇది తప్ప ఇంకేదైనా కొనమంటోంది. మంచం మీద పడుకున్న శివకృష్ణ కూడా ఆ వీడియోలు చూశాడు.

"ఇద్దరూ బాగనే చెప్తాండారు," అన్నాడు.

"అదే నాకూ అర్థం కానిది," అంది మల్లి.

ఆ వారంలోనే ఆమె ఒక సంచిలో తోలు పట్టీలు, తన బటన్లు వేసుకుని మార్కాపురం బస్సెక్కింది. అక్కడ కుట్టుపని సామాను అమ్మే దుకాణం ఒకటి ఉందని గిద్దలూరులో పనిచేసిన రోజుల్లో విన్నది. అడుగుతూ అడుగుతూ పోయి పట్టుకుంది. దుకాణం ఇరుకు. దారపు ఉండలు, జిప్పులు, లేసులు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి మధ్య స్టూలు మీద యాభై దాటిన ఒకామె కూర్చుని ఉంది. ఆ దుకాణం ఆమెదే, పేరు సంధ్యారాణి.

"ఏం కావాలమ్మా?"

"టిచ్ బటన్లు, రివెట్లు నొక్కే మిషన్ కావాల అక్కా."

"దేనికి? నైటీలకా, జీన్సుకా, బ్యాగులకా?"

"కత్తి ఒరకు."

సంధ్యారాణి ఆమెను ఇంకోసారి పరకాయించి చూసి, స్టూలు దిగి, వెనక నుంచి మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి చిన్నది, మీద ఉన్న పిడిని మర తిప్పినట్టు తిప్పితే కిందికి దిగుతుంది. రెండోది పచ్చరంగు పోత ఇనుముది, జానెడు పిడిని లాగితే నిలువు కడ్డీ సూటిగా దిగుతుంది. మూడోది దానికి అన్నలాంటిది, ఎత్తుగా బరువుగా ఉంది. బ్యాగు మధ్యలో ఎంత లోపలికైనా అందేట్టు దాని నోరు లోతుగా ఉంది.

"తోలుకు వీటిలో ఏది మంచిది అక్కా?"

"నిజం చెప్పాలంటే నాకు తెలీదమ్మా. ప్యాంట్లు కుట్టేవాళ్ళు పచ్చది కొంటారు. ఫ్లెక్సీల వాళ్ళు పెద్దది కొంటారు. తోలుకని ఇంతవరకు ఎవరూ రాలే. నొక్కి చూసుకో, నాకూ తెలుస్తాది."

ఏ మిషన్‌కైనా డైలు విడిగా కొనాలని సంధ్యారాణి చెప్పింది. డై అంటే బటన్‌ను పైనా కిందా కదలకుండా పట్టుకునే ఇనుప అచ్చు. బటన్ సైజుకో జత, తోలు పొరలను కలిపి బిగించే రివెట్ సైజుకో జత. మల్లి తెచ్చిన బటన్‌కు సరిపోయే జత వెతకడానికే చాలాసేపు పట్టింది. చివరికి ఒక జత కుదిరింది. దాన్ని పెద్ద మిషన్‌కు బిగించి, మల్లి తన పట్టీ ఒకటి పెట్టి, రెండు చేతులతో పిడి లాగింది. బటన్ నున్నగా, అందంగా కూర్చుంది. సుత్తితో ఏనాడూ అంత చక్కగా రాలేదు. మల్లికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

బటన్ వేసి, పట్టీ కొసను పట్టుకుని గట్టిగా లాగింది. టప్పున గిన్నె ఊడి బల్ల కింద పడింది.

మల్లి వంగి దాన్ని తీసింది.

"పెట్టడంలో తేడా వచ్చిందేమోలే," అంది సంధ్యారాణి. డై తీసి పచ్చ మిషన్‌కు బిగించారు. ఇంకో పట్టీ పెట్టారు. అదీ ఊడింది. మూడో పట్టీ పెట్టారు. అది ఊడలేదు. మల్లి కాలితో తొక్కిపట్టి లాగినా ఊడలేదు. నాలుగోది మళ్ళీ ఊడింది.

అదే మిషన్, అదే డై, అదే చెయ్యి. మల్లికి ఏమీ పాలుపోలేదు. సుత్తిదే తప్పనుకుని ఇంతదూరం వచ్చింది. మిషన్‌తో నొక్కినా ఊడుతోందంటే తప్పు సుత్తిది కాదు. మరి ఒకటి ఎందుకు నిలబడింది? బటన్లు నాసిరకం అనుకుందామంటే అన్నీ ఒక పెట్టెలోవే.

"ఈ పొద్దు కొనొద్దు," అంది సంధ్యారాణి తనే. "తెలీకుండా కొంటే రేపు నన్నే అంటావు. ఊడినవి, ఊడనిది అన్నీ ఇంటికి తీసుకుపో. చూసుకుని రా."

మల్లి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెంచమ్మ గొర్రెపిల్లలను గంప కింద మూస్తోంది. శివకృష్ణ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముక్కలన్నీ అతని ముందు పోసి, జరిగింది చెప్పింది.

అతను ఒక ముక్కను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టాడు.

"మల్లీ, ఒక మాట. ఆ రోజు నేను పట్టీ వేసినానో లేదో నాకు గుర్తు లేదు."

మల్లి ముక్కలను వదిలి అతని వైపు తిరిగింది.

"అంటే?"

"రోజూ వేస్తాను కదా. టిక్కుమని చప్పుడు వస్తాది. ఆ రోజనే కాదు, అంతకు రెండు మూడు రోజుల ముందు నుంచీ ఆ చప్పుడు విన్నట్టు గుర్తు లేదు. గిన్నె అప్పటికే ఊడిపోయి ఉంటే నేను చూసుకోకుండ తిరిగినానేమో. లేకుంటే అప్పుడే ఊడిందేమో. పడుకుని అదే ఆలోచిస్తాండా."

"ముందే ఎందుకు చెప్పలే మామా?"

"ఏమని చెప్పేది? నాకే తెలీంది."

మల్లికి ఆ మాటతో బరువు దిగాలి. దిగలేదు. బటన్ ముందే ఊడిపోయి ఉన్నా ఊడింది తను బిగించిన బటనే. అతను చూసుకోకపోవడం నిజమైతే కోపం రావాలి. మంచం మీద కాలు చాపుకుని తనలాగే తికమకపడుతున్న మనిషి మీద కోపమూ రాలేదు. "తప్పు నీదా నాదా ఇప్పుడు?" అని అడిగింది, నిజంగానే తెలుసుకుందామని.

"తెలిస్తే నేను చెప్పనా?" అన్నాడు శివకృష్ణ.

తెల్లవారాక మల్లి వసారాలో ముక్కలను మళ్ళీ పరిచింది. ఊడినవన్నీ ఒకవైపు, ఊడనిది ఒకవైపు. చెంచమ్మ చాట పట్టుకుని పోతూ ఆగి, వంగి చూసింది.

"ఇవన్నీ ఒకటే తోలా మ్మే?"

"ఒకటే అత్తా. ఒకటే బర్రె తోలు. నేనే కోసినా."

చెంచమ్మ వెళ్ళిపోయింది. మల్లి మాత్రం తను ఇచ్చిన జవాబు దగ్గరే ఆగిపోయింది. తోలు ఒకటే. కానీ కోసిన చోటు ఒకటి కాదు. ఊడని ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కింది. తర్వాత ఊడిన ముక్కను నొక్కింది. మళ్ళీ మొదటిదాన్ని. ఊడనిది పొట్ట దగ్గర కోసింది, పలచన. ఊడినవన్నీ వీపు భాగంవి, దళసరి. బ్లేడుతో ఊడని బటన్ చుట్టూ తోలు కోసి, లోపల చూసింది. కాడ అంచు గిన్నెలో నాలుగువైపులా విచ్చుకుని ఉంది. ఊడిన టోపీల కాడలు అసలు విచ్చుకోనే లేదు, అంచు కాస్త నలిగిందంతే. తోలు మందానికే కాడ పొడుగంతా అయిపోయింది. గిన్నెను పట్టుకోవడానికి పైన ఏమీ మిగల్లేదు.

కత్తి ఒర కదా, గట్టిగా ఉండాలని ఆమె అన్ని ఒరలకూ ఏరి ఏరి వీపు తోలే వాడింది. కుక్కల బెల్టులకు వాడిన పొట్ట తోలు మీది బటన్లు ఏ ఒక్కటీ ఊడినట్టు ఎవరూ చెప్పలేదు.

ఆమె ఆ సంగతి లోపలికి వెళ్ళి శివకృష్ణకు చెప్పింది. అతను ఆమె చేతిలోని ముక్కను తీసుకుని, "దళసరిది గట్టిది కాదా మరి?" అన్నాడు.

"తోలు గట్టిదే. బటన్‌కే అది ఎక్కువైంది."

"అయితే మిషన్ అక్కర్లేదా?"

అది తేల్చుకుందామని ఆమె సుత్తి తీసుకుని పలచని పట్టీల మీద వరసగా బటన్లు కొట్టి చూసింది. ఎక్కువ భాగం నిలిచాయి. కొన్ని మాత్రం కాడ పక్కకు వంగి, లాగితే ఊడాయి. జ్ఞానయ్య చెప్పిందీ నిజమే, తను కనుక్కున్నదీ నిజమే. ఒక్క కారణం దొరికితే చాలనుకున్న చోట రెండు దొరికాయి. శివకృష్ణ ఒర మీది బటన్ ఊడింది ఏ కారణాన్నో మాత్రం అవి చెప్పవు.

కుట్లు తీసిన తర్వాత శివకృష్ణ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఈసారి మార్కాపురానికి తనూ వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. దుకాణంలో సంధ్యారాణి అతని కర్రను చూసి, స్టూలు ఖాళీ చేసి కూర్చోమంది. మల్లి సంచిలోంచి పలచని పట్టీలు కొన్ని, దళసరివి కొన్ని తీసింది.

మొదట మర తిప్పే చిన్న మిషన్ పట్టింది. దానికి వేరే బల్ల అక్కర్లేదు, నేల మీద కూర్చుని పని చేసుకోవచ్చు. అందుకని మనసు దాని మీదే ఉంది. కానీ పిడి తిప్పుతుంటే కింద టోపీ కూడా కొద్దిగా తిరిగి, తోలు మీద గీత పడింది. పైగా దానికి వచ్చే డైలు వేరు, దాని మరకు మిగతావి ఎక్కవు.

"అవి నా దగ్గర రెండు సైజులే ఉన్నాయి," అంది సంధ్యారాణి. "అవి అరిగితే మళ్ళ ఎక్కడ దొరుకుతాయో నేను చెప్పలేను. పచ్చదానివీ పెద్దదానివీ మాత్రం ఒకటే డైలు. ఎప్పుడంటే అప్పుడు తెప్పిస్తా."

పెద్దది నొక్కితే చేతికి శ్రమ లేదు. ఒరకు మాత్రం అంత లోతు నోరు అక్కర్లేదు, బటన్ అంచుకే ఉంటుంది. అయితే రేపు ఎవరైనా పెద్ద సంచి కుట్టమంటే? అప్పుడు పచ్చది చాలదు. మల్లి పెద్దదాని ముందు నిలబడి పచ్చదాన్ని చూసింది, పచ్చదాని పిడి పట్టుకుని పెద్దదాన్ని చూసింది. కాసేపటికి తను దేనికోసం వచ్చిందో కూడా సరిగ్గా గుర్తులేనట్టు అయింది.

"నువ్వు చెప్పు మామా."

"నాకేం తెలుసు? నీ చేతికి ఏది వాటంగ ఉంటే అది."

"రెండూ వాటంగనే ఉన్నాయి."

"ఇప్పుడు సంచులు కుడతాండావా?"

"లేదు."

"మరి సంచుల గురించి ఇప్పుడెందుకు?"

మల్లి పచ్చ మిషన్ దగ్గరికి వచ్చింది. పలచని పట్టీల మీద నొక్కిన ప్రతి బటన్ నిలిచింది. దళసరివి ఊడాయి. ఒరకు పలచని తోలు పెడితే నాలుగు నాళ్ళకు సాగిపోతుంది. దళసరిదే ఉండాలి. అప్పుడు మల్లి అడిగింది, "అక్కా, ఇదే బటన్, కాడ పొడుగుది ఉంటాదా?"

సంధ్యారాణి పై అరల్లో ఎక్కడో ఉన్న డబ్బాలు దింపించింది. చలి కోట్లకని ఎప్పుడో తెప్పించి, అమ్ముడుపోక పడి ఉన్నవి దొరికాయి. టోపీ సైజు ఒకటే, కాడ పొడుగు. అదే డై సరిపోయింది. మల్లి దళసరి పట్టీ పెట్టి, పిడిని కొసదాకా లాగి, ఒక్క క్షణం అట్లే పట్టుకుని వదిలింది. బటన్ వేసి పట్టీని శివకృష్ణ చేతికి ఇచ్చింది. అతను స్టూలు మీద కూర్చునే కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో లాగాడు. మెడ నరాలు పొంగాయి. తోలు సాగింది. టోపీ కదల్లేదు.

"ఇది ఊడదు," అన్నాడు.

"ఇంకోటి కూడా లాగు," అంది మల్లి. నాలుగు లాగించాక గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు.

పచ్చ మిషన్, బటన్‌కు ఒక జత డై, రివెట్‌కు ఒక జత, ఆ డబ్బా మొత్తం బటన్లు తీసుకున్నారు. ఇంటికి తెచ్చాక శివకృష్ణ వేప పలక ఒకటి వెతికి, మిషన్‌ను దానికి బోల్టులతో బిగించాడు. ఇప్పుడు దాన్ని నేల మీద పెట్టి, పలకను మోకాలితో అదిమి పని చేసుకోవచ్చు.

మొదట చేయాల్సిన పనేదో మల్లికి తెలుసు. ఆ ఒక్క విషయంలో ఆమెకు అనుమానం లేదు. మిషన్‌ను పలకతో సహా గోనెసంచిలో పెట్టుకుని, భర్తను తోడు తీసుకుని, తను అమ్మిన ఒరలను వెతుక్కుంటూ బయల్దేరింది.

బస్సులో కండక్టరు ఆ సంచిని చూసి, "ఏంది పెద్దమ్మాయ్, చెరుకు రసం మిషనా?" అని అడిగాడు. కాదంటే, అయితే నిమ్మకాయలు పిండేదా అన్నాడు. శివకృష్ణ నవ్వాడు. దెబ్బ తగిలిన తర్వాత అతను నవ్వడం మల్లి అప్పుడే చూసింది.

పెద్దారవీడులో పిచ్చయ్య ఇంటికి పోయారు. ఆయన రైతు, నాలుగు మేకలు కూడా ఉన్నాయి. ఒర తెమ్మంటే భార్య సుశీలమ్మ లోపలి నుంచి తెచ్చింది. పట్టీకి బటనే లేదు. దాని చోట రంధ్రంలోంచి చీర అంచు పీలిక దూర్చి ముడి వేసి ఉంది.

"ఎప్పుడు ఊడింది పెదనాయనా?"

"చలికాలంలోనే ఊడినట్టుంది."

"నాకు చెప్పలేదే?"

"ఒక బొత్తాం గురించి ఫోను చేసేదేంది అనుకున్నా. పైగా నువ్వు బాధపడతావని ఈమె వద్దన్నాది."

మల్లి ఒరను ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఒక్క ఫోను చేసి ఉంటే తను అన్ని బటన్లూ లాగి చూసుకునేది. శివకృష్ణ కాలు తెగేది కాదేమో. కానీ తన మనసు నొప్పించకూడదనే కదా వాళ్ళు చెప్పంది. ఆమె పీలిక విప్పి, కొత్త బటన్ నొక్కి, లాగి చూసి ఇచ్చింది. సుశీలమ్మ మజ్జిగ ఇచ్చింది. శివకృష్ణ కాలి గురించి అడిగితే, "కొమ్మ నరుకుతాంటే తగిలిందిలే పెద్దమ్మా," అన్నాడు అతను. మల్లి అతని వైపు చూసింది. అతను మజ్జిగ తాగుతున్నాడు.

ఆ ఊళ్ళోనే ఇంకొందరి ఒరలు సరిచేసి, సాయంత్రానికి దోర్నాల చేరారు. శ్రీశైలం పోయే కార్లూ బస్సులూ రోడ్డు పక్క హోటళ్ళ ముందు నిండుగా ఆగి ఉన్నాయి. అక్కడ టీ హోటల్ దగ్గర అబ్రహాము వాళ్ళ కోసం కాచుకుని ఉన్నాడు. ఎండాకాలంలో అడవిలో మంటలు లేవకుండా కావలి తిరిగే మనిషి అతను. నడుముకు మల్లి కుట్టిన ఒరే ఉంది.

మల్లి పట్టీ లాగింది. ఊడలేదు. శివకృష్ణ లాగాడు. ఊడలేదు. తోలు చూస్తే దళసరిదే, వీపు తోలే. బటన్ పాతదే, పొట్టి కాడది. ఆమె లెక్క ప్రకారం ఇది ఎప్పుడో ఊడిపోవాలి.

"నాది బాగనే ఉందిలే అక్కా," అన్నాడు అబ్రహాము. "రోజూ వేస్తా, తీస్తా. చలించలే."

మల్లి సరేనంది. మిషన్ సంచిలో పెట్టేసుకుని, ముగ్గురూ టీ తాగారు. అబ్రహాము సెలవు తీసుకుని చెక్‌పోస్టు వైపు నడిచాడు. మల్లి గ్లాసు కింద పెట్టి, కొంచెంసేపు అతని వెనక చూసి, లేచి పరుగులాంటి నడకతో పోయి అతన్ని ఆపింది.

"ఒర ఇటియ్యి అబ్రహామూ. మారుస్తా."

"బాగున్నదాన్ని పీకేదేంది అక్కా?"

"ఎందుకు బాగుందో నాకు తెలీదు. తెలీని దాన్ని నీ నడుముకు పెట్టి పంపలేను."

అతను బెల్టు విప్పి ఇచ్చాడు. రోడ్డు పక్కనే పలక దించి, మల్లి పాత బటన్‌ను కటింగ్ ప్లేయరుతో పెరికింది. కాడ ఒకవైపు మాత్రమే మడతపడి, ఆ కొద్ది మడతతోనే గిన్నెను పట్టుకుని ఉంది. ఇంకో ఏడాది పట్టుకునేదో, రేపే వదిలేసేదో ఆమెకు అర్థం కాలేదు. కొత్తది పెట్టి పిడి లాగింది. అబ్రహాము కత్తి పెట్టి, పట్టీ వేసుకుని, ఒకసారి తడిమి చూసుకుని వెళ్ళిపోయాడు.

బస్సు కోసం నిలబడితే శివకృష్ణ కాలు లాగుతోందన్నాడు. హోటల్ బెంచీ మీద కూర్చోబెట్టింది. గాయమైన తర్వాత అతను ఒర కట్టుకోలేదు, మంద దగ్గరికి పోయినా కత్తిని చేత్తోనే పట్టుకుపోతున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అడగలేదు.

"వానలు పడినాంక నాకొక ఒర కుట్టు," అన్నాడతను రోడ్డు వైపు చూస్తూ.

మల్లి గోనెసంచిని బెంచీకి ఆనించింది. "ఏది పెట్టమంటావు? బటనా, బక్కిలా?"

"నీ ఇష్టం. ఏదైతే మంచిది?"

"బక్కిల్ ఊడదు. కానీ అవసరానికి ఒక్క చేత్తో తీయలేవు. బటన్ అయితే తీయగలవు." ఒంటి చేత్తో పట్టీ లాగినట్టు చూపింది. "రెండూ పెడితే బరువైతాదేమో."

"అయితే?"

"తెలీదు మామా. ఆలోచించి చెప్తా."

మార్కాపురం బస్సు వచ్చింది. అతను కర్ర చంకలో ఇరికించుకుని గోనెసంచి ఒక కొస పట్టుకున్నాడు, ఆమె రెండో కొస పట్టుకుంది. జనంలోంచి దారి చేసుకుంటూ ఇద్దరూ ఎక్కారు.